మా ఆవుకి పనసపొట్టంటే ప్రాణం

ఆ రోజుల్లో, అంటే నా మీసాలు నల్లగానూ నడుము నిటారుగానూ ఉన్న రోజుల్లో (నడుము ఇప్పటికీ నిటారుగానే ఉంది, మీసాల సంగతి అడక్కండి), మనిషికి మర్యాద ముఖ్యమా భోజనం ముఖ్యమా అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా మర్యాదే అనేవాణ్ణి. అలా అనగలగడానికి కారణం మా అత్తయ్య వంట. కడుపు నిండినవాడే ఇలాంటి ప్రశ్నలకి గంభీరంగా జవాబు చెప్పగలడు. మా ఇంట్లో డబ్బున్న రోజు లేదు, కడుపు నిండని రోజూ లేదు. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా కుదిరాయో చెప్పాలంటే మా ఆవు గురించి చెప్పాలి. మా ఆవు గురించి చెప్పాలంటే, ముందుగా మాకు ఆవు లేదని చెప్పాలి.

మామిడికుదురుకి కాస్త ఇవతల, కాలవ గట్టు మీద మా ఇల్లు. ఊళ్ళో దాన్ని దివాణం అంటారు. మా తాతగారు కొంత భూమిని కోర్టుల పాలు చేశారు. మిగిలినదాన్ని మా నాన్నగారు రొయ్యల చెరువులుగా తవ్వించి, రొయ్యలకి జబ్బు చేస్తే వాటితోపాటు తానూ మంచం పట్టారు. నా వంతు వచ్చేసరికి మిగిలినవి ముందు హాలు, వెనక వంటిల్లు, హాలు నడిమధ్య దూలానికి ఒక ఇత్తడి కొక్కెం. ఆ కొక్కేనికి ఒకప్పుడు గాజు దీపాల గుత్తి వేలాడేదట. గుత్తి ఎప్పుడో వెళ్ళిపోయింది. కొక్కెం ఖాళీగా ఉండడం బాగుండదని అత్తయ్య దానికి ఉల్లిపాయల బుట్ట తగిలించింది. ఇంటికొచ్చినవాళ్ళు తలెత్తి చూస్తే, "యానాం ఫ్రెంచి దొరల దగ్గర కొన్నదండి, కొక్కెం" అని నేను చెప్పేవాణ్ణి. ఉల్లిపాయలు ఎక్కడ కొన్నారని ఎవరూ అడగలేదు.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, పుట్టిల్లు గది తరవాత గది కూలిపోతున్నా వంటిల్లు వదలని మనిషి. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాని (పరిపాలనా విభాగం అని చెప్పుకునేవాణ్ణి). నా జీతం మా ఇంటి పేరు కన్నా పొట్టిది. అయినా అత్తయ్య విస్తరి మాత్రం కుదించలేదు. ఏ కాలంలో ఏది విరగకాస్తే ఆ కాలానికి అదే రాజుల కూర అని ఆవిడ సిద్ధాంతం. వేసవిలో పనస, వానల్లో కంద, చలికి చిక్కుడు. విరగకాసినది చవకగా వస్తుంది, అందులోనూ సంత విరిగే వేళకి ఇంకా చవకగా వస్తుంది. ముమ్మిడివరం నుంచీ ఐ.పోలవరం నుంచీ వచ్చిన వాళ్ళు ఆఖరి ఆటో ఎక్కేలోగా గంపలు ఖాళీ చేసుకోవాలి కదా.

"పొద్దు వాలాక వెళ్ళు. మిగిలినవి పట్రా" అనేది అత్తయ్య.

"మిగిలినవి కొనాలంటే బేరమాడాలి అత్తయ్యా."

"అదీ నిజమే" అని ఆవిడ ఆలోచనలో పడేది. మా వంశంలో బేరమాడిన మగవాడు లేడు. (అందుకే వంశం ఇలా ఉంది అని మా కాలేజీ లెక్కల మాష్టారు అనేవారు. ఆయన ఈ కథలోకి తరవాత వస్తారు, ఆవుతో సహా.)

మొదటిసారి నేను బుధవారం సంతకి వెళ్ళినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాన్నగారి పాత స్కూటరు మీద, ఏదో తనిఖీకి వచ్చినట్టుగా వెళ్ళాను. చివరి వరసలో ఒకావిడ గోనెపట్టా మీద కంద దుంపలు ఏనుగు పాదాల్లా వరసగా పెట్టుకుని కూర్చుని ఉంది. సంతలో అందరూ ఆవిణ్ణి కంద పిన్ని అనేవారు. పట్టాకి ఒక పక్కన పగిలిన కంద ముక్కలు, వాడిన బచ్చలి, పొద్దున్న పచ్చికాయని కూరకని సన్నగా కొట్టి పెట్టినా అమ్ముడుపోని పనసపొట్టు కుప్పగా ఉన్నాయి. నా చూపు అక్కడ ఆగిపోయింది. వాడిన బచ్చలి నీళ్ళల్లో వేస్తే లేస్తుందనీ, పగిలిన కంద ఉడికాక ఎవరికీ తెలియదనీ అత్తయ్య పెంపకంలో నాకు తెలుసు.

"ఏటి బాబుగారండీ, తమరే వచ్చేసేరు? పనోళ్ళెవరూ లేరాండీ?" అంది పిన్ని, లేచి నిలబడుతూ.

"ఊరికే, అలా చూసిపోదామని."

ఆవిడ నా చొక్కా చూసింది. తరవాత నేను చూస్తున్న కుప్ప చూసింది. ఆ రెంటికీ పొంతన ఆవిడే కుదిర్చింది.

"పశువుల కోసమాండీ?"

నేను తల ఊపాను. దయచేసి గమనించండి, నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆ పశువు ఆవిడ నోట పుట్టింది.

"ఆవాండీ, గేదాండీ?"

అప్పుడు నేను మా తాతముత్తాతల్ని తలుచుకున్నాను. గేదె అనడానికి మనసొప్పలేదు. "ఆవు" అన్నాను.

"గోవుకి పెట్టేదానికి ధరేటండీ, పున్నెవండి. తమరికి తోచింది ఇయ్యండి" అని కుప్ప మొత్తం నా సంచిలోకి ఎత్తేసింది. ఆవిడ ధర చెప్పలేదు, నేను బేరమాడలేదు. వంశమర్యాద వీసమెత్తు చెదరలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో కందబచ్చలి కూర వండారు. అత్తయ్య ఆవ నూరి, చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి తాలింపు పెట్టి దింపితే, కాలవ అవతలి గట్టున నడిచేవాళ్ళు ఆగి గాలి పీల్చారు. మర్నాడు పనసపొట్టు. అది పొడిపొడిగా, ఒక్కో పోగూ విడిగా, ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కేలా ఉంది. ఆ తరవాత వారాల్లో ముదిరిన బెండకాయలు పులుసయ్యాయి, పండిపోయిన దోసకాయలు పప్పయ్యాయి, గాలివానకి రాలిన మామిడికాయలు మెంతిబద్దలయ్యాయి, ఎవరూ కొనని అరటిదూట పెరుగుపచ్చడి అయింది. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ఫ్రిజ్‌లో దాచుకున్న క్యాబేజీ తింటుంటే, మేం అన్ని ఋతువుల్నీ వరసగా విస్తట్లో వడ్డించుకు తిన్నాం. భోజనమయ్యాక నేను కొక్కెం కింద పడక్కుర్చీలో కూర్చుని తేన్చేవాణ్ణి. ఆ తేన్పుల్లో మా పూర్వవైభవం వినిపించేది.

కాని లేని ఆవుని పెంచడం ఉన్న ఆవుని పెంచడం కన్నా కష్టమని త్వరలోనే తెలిసింది. కంద పిన్నికి గోభక్తి మెండు. వారం వారం యోగక్షేమాలు అడిగేది.

"రంగేటండీ?"

"తెలుపు. ఒంగోలు జాతి. వెన్నముద్దలా ఉంటుంది."

"దానికి పనస తొక్కులు ఇమ్మంటారాండీ, బోల్డున్నాయి?"

"తొక్కులొద్దు పిన్నీ. పొట్టు ఇయ్యి. పనసపొట్టంటే దానికి ప్రాణం."

"పొట్టాండీ? ఆవుకాండీ?"

"దాని పళ్ళు సున్నితం."

"ఆయ్" అంది పిన్ని. ఇంకో వారం, "పచ్చి కంద పెడితే గొడ్డుకి నోరు దురదెట్టదాండీ?" అని అడిగింది.

"ఉడకబెట్టి పెడతాం."

"మరి ఈ కరేపాకూ, అల్లం ముక్కా దేనికండీ?"

"వాసన లేకపోతే ముట్టదు."

"అమ్మమ్మ! దివాణం గొడ్డు కదండీ మరి! మా ఇంట్లో మనుషులకే లేవండీ ఈ నాజూకులు" అని పిన్ని పక్క పట్టా ఆవిడకి చెప్పింది. ఆవిడ తన వంతుగా ఆవుకి రెండు మునక్కాడలు పంపింది. అలా మా ఆవు కీర్తి సంతంతా పాకింది. కొత్తిమీర ఆవిడ కొత్తిమీరా, నిమ్మకాయల తాత నిమ్మకాయలూ దానికి సమర్పించుకున్నారు. ఆ ప్రాంతంలో అంత చక్కని భోజనం చేస్తున్న ఆవు మరొకటి లేదు.

ఇలా ఉండగా ఒక బుధవారం పిన్ని నా సంచి నింపి, చేతికివ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది.

"బాబుగారండీ, తమరొక మాట కాదనకూడదండి. మా ఆయన మస్కట్ నుంచి పంపించిన డబ్బులూ, నా కంద డబ్బులూ కలిపి డాబా ఏసేవండి. వచ్చే శుక్రవారం గృహప్రవేశవండి. మా కన్నా ముందు గోవు అడుగెట్టాలి కదండీ."

"పెట్టాలి" అన్నాను. నాకు ఇంకా అర్థం కాలేదు.

"ఊళ్ళో ఆవులకేటండీ, బోల్డున్నాయి. కాని ఇన్నాళ్ళూ నా చేతి మేత తిన్న తల్లి మీ దివాణంలో ఉండగా, ఇంకో గొడ్డు నా గడప తొక్కడవేటండీ? తమరు తోలుకురావాలండి."

పక్క పట్టా ఆవిడా, కొత్తిమీర ఆవిడా, నిమ్మకాయల తాతా నా మొహంలోకి చూస్తున్నారు. "దానిదేముంది, తప్పకుండా" అన్నది నేను కాదు. మా తాతగారు నా గొంతులోంచి అన్నారు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవు లేదని చెబితే ఇన్నాళ్ళూ గోవు పేరు చెప్పి గోవు మేత దివాణం వారే తిన్నారని సంతంతా అనుకుంటారు. ఆ సంతకి వచ్చే జనంలో సగం మంది తాతలు ఒకప్పుడు మా తాతగారి ఎదట తలపాగా తీసి నిలబడినవాళ్ళు. నేను ఇంక ఆ దారిన తలెత్తి వెళ్ళగలనా? "పోయిందని చెప్పేస్తాను అత్తయ్యా. ముసలిదైంది, పోయింది, అంతే" అన్నాను.

అత్తయ్య గరిటె కింద పడేసింది. "నోర్ముయ్యి! లేని ఆవైతే మాత్రం గోహత్య గోహత్య కాకుండా పోతుందా?" అంది. తరవాత గరిటె తీసి కడుగుతూ, "అయినా అది పోతే మనం తినేదేవిఁట్రా?" అంది మెల్లిగా.

కాబట్టి ఆవుని సంపాదించాలి. మర్నాడు కాలేజీలో లెక్కల మాష్టారి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళది మా పక్క ఊరు, చర్చి వెనకే ఇల్లు. వాళ్ళ తాతగారు మా పొలాల్లో ఊడ్పులకి వచ్చేవారు. ఆయన మాత్రం పెద్ద చదువు చదివి, టీచరమ్మగారిని పెళ్ళి చేసుకుని, పుస్తకాల బీరువాతోపాటు పెరట్లో ఒక పాడి ఆవునీ సంపాదించుకున్నారు. (మా ఇంట్లో బీరువా ఉంది, పుస్తకాలకి చెదలు పట్టాయి.)

"మాష్టారూ, మా ఆవుకి ఒంట్లో బాగాలేదు. ఒక గృహప్రవేశానికి మాటిచ్చాను. మీ ఆవుని ఒక్క పూట..."

"ఏ ఆవండీ?" అన్నారు ఆయన. మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చిన మనిషి.

"మా ఆవు."

ఆయన నన్ను కొంచెంసేపు చూసి, "ఓహో, ఆ ఆవాండీ" అన్నారు. గోదావరి జిల్లాల మర్యాద అంటే అదీ. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "దానికేం భాగ్యం దివాణంగారూ. మా ఆవుకి గృహప్రవేశాలు అలవాటేనండి. ఆదివారం చర్చి టైములో తప్ప ఎప్పుడైనా ఖాళీయే. కాని కొత్త మనిషి తాడు పట్టుకుంటే రాదు. నేనే తీసుకొస్తాను."

శుక్రవారం ఉదయం పిన్ని డాబా దగ్గర షామియానా, బంతిపూలు, సంత జనమంతా. లోపల హాల్లో, నడిమధ్య, కొత్త గాజు దీపాల గుత్తి మెరుస్తోంది. మా కొక్కేనికి సరిగ్గా సరిపోయేది. నేను దాన్ని రెండోసారి చూడలేదు.

ఆవు వచ్చింది. మాష్టారు తాడు పట్టుకుని నడుస్తున్నారు. నేను యజమానికి తగిన దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాను. అది సీమజాతి ఆవు. ఒళ్ళంతా చాపల్లాంటి నల్ల మచ్చలు.

పిన్ని పళ్ళెంలో పసుపూ కుంకుమా పట్టుకుని ఎదురొచ్చి ఆగిపోయింది. "వెన్నముద్దలా ఉంటాదన్నారు కదండీ?"

నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. ఈలోగా ఆవిడ చెయ్యి నోటికి వెళ్ళింది. "అయ్యయ్యో! నేనెట్టిన కంద వల్లేనాండీ ఈ మచ్చలు?"

"కావచ్చు" అన్నాను, గంభీరంగా.

"తప్పైపోయింది తల్లీ" అని ఆవిడ దాని కాళ్ళకి దణ్ణం పెట్టి బొట్టు పెట్టింది. ఆవు గడప దాటి, మెరిసే టైల్సు మీద నిలబడి, అందరూ కోరుకున్నట్టుగా పుష్కలంగా పేడ వేసింది. ఆడవాళ్ళు సంతోషంతో చప్పట్లు కొట్టారు. ఇంక గండం గడిచిందనుకున్నాను. అప్పుడు గృహప్రవేశం చేయిస్తున్న పంతులుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"పోయిన నెల మా బావమరిది ఇంట్లోనూ సరిగ్గా గడప దాటగానే వేసిందండి. ఎంత అచ్చొచ్చిన ఆవండీ! ఇది మాష్టారి ఆవు కదూ?"

చప్పట్లు ఆగిపోయాయి. నిమ్మకాయల తాత నన్ను చూశాడు. పిన్ని మాష్టారిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఆవుని చూసింది. మా వంశం మూడు తరాలుగా కూలుతోంది కాని, ఆఖరి ఇటుక ఆ హాల్లో, ఆ దీపాల గుత్తి కింద, ఆ పేడ పక్కన పడబోతోందని నాకు స్పష్టంగా తెలిసింది. అయినా నడుము వంచలేదు.

"నేను మేపుతున్నానంతేనండి పంతులుగారూ" అన్నారు మాష్టారు, తాడు చేతికి చుట్టుకుంటూ, తరగతిలో లెక్క చెప్పినంత తాపీగా. "ఆవు దివాణం వారిది. మాకు పాలికిచ్చేరు."

పాలికివ్వడం మా వైపు మామూలే. ఆవు ఒకరిది, మేపేది మరొకరు. పాలు మేపినవాళ్ళవి, దూడలు చెరి సగం. జనమంతా "ఓహో, పాలికాండీ" అని ఊపిరి పీల్చుకున్నారు.

పిన్ని కళ్ళు చెమర్చాయి. "అంటే ఇన్నాళ్ళూ బాబుగారే ఆ మేతంతా మోసుకెళ్ళి మాష్టారింట్లో అందించేరన్నమాట! గొడ్డంటే ఎంత ప్రేవండీ తమరికి!"

నా నడుము మరికాస్త నిటారుగా అయింది. యజమాని హోదాలో ఆవు మెడ నిమిరాను. అది తోకతో నా ఇస్త్రీ చొక్కా మీద ఒక్కటి వేసింది. పర్వాలేదు. వంశం నిలిచింది.

తరవాత బుధవారం పొద్దు వాలాక సంచి తీసుకుని సంతకి వెళ్ళాను. ఇంటి దగ్గర అత్తయ్య అప్పటికే ఆవ నూరి పెట్టింది. పిన్ని నన్ను చూసి నవ్వుతూ లేచింది. పట్టా పక్కన కుప్ప లేదు.

"తమరికింక ఆ మోత లేదండి బాబుగారూ! ఆవు మాష్టారింట్లో ఉంటే తమరు మొయ్యడవేటండీ? ఆటోలో ఎక్కించి అక్కడికే పంపించేసేనండి. కందా, బచ్చలీ, పొట్టూ, అందరివీ కలిపి. ఇంక ప్రతి బుధవారం అంతేనండి." తరవాత మర్యాదకి అడిగింది. "తమరి ఇంటికేవన్నా కావాలాండీ? మంచియి ఉన్నాయండి, తాజాయి."

తాజావాటి ధర ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే బేరమాడాలి. "ఇంట్లో అన్నీ ఉన్నాయి పిన్నీ" అని ఖాళీ సంచి మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అత్తయ్య సంగతంతా విన్నది. రోట్లో ఆవముద్ద కేసి చూసింది. మాష్టారింటి కేసి, అంటే పడమటి గోడ కేసి, చూసింది. తరవాత లోపలికి వెళ్ళి పట్టుచీర కట్టుకుని, ఆవముద్దని గిన్నెలో పెట్టుకుని వచ్చింది.

"పద. మన ఆవుని చూసొద్దాం."

మాష్టారి పెరట్లో ఆవు ఎండుగడ్డి నములుతోంది. పనసపొట్టు దాని ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుందట. వంటింట్లో టీచరమ్మగారు కంద ముక్కలు తరుగుతూ కనిపించారు. "రండి రండి. ఇదంతా ఏం చెయ్యాలో తెలీక వండుతున్నానండి" అన్నారు.

అత్తయ్య గుమ్మంలో ఆగింది. వాళ్ళింట్లో ఆవిడ అంతకుముందు మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆవిడ గిన్నె మూత తీసి ఆవముద్ద చూసుకుంది, పొయ్యి మీద మూకుడు చూసింది.

"ఆవు మనది. మేత మన ఆవుది. మన ఆవు మేత మనం తినడానికి ఎవరి ఇల్లయితే ఏవిఁటి?" అంది నాతో. అందరికీ వినపడేలాగే అంది. టీచరమ్మగారితో, "కాస్త జరగమ్మా. పొట్టు అలా నీళ్ళు పోసి ఉడికిస్తే ముద్దైపోతుంది" అని కొంగు నడుముకి దోపింది.

ఆ తరవాత చాలాకాలం బుధవారం సాయంత్రాలు మేం మా ఆవుని చూడ్డానికి వెళ్ళాం. "ఆవెలా ఉందో చూసిపోదామని" అనేవాణ్ణి నేను గుమ్మంలో. "ఆయ్, బావుందండి, కాళ్ళు కడుక్కోండి" అనేవారు మాష్టారు. ఒక్కసారి కూడా నవ్వలేదు. (భోజనాల దగ్గర మాత్రం మా వంశం ప్రస్తావన రాగానే ఆయనకి పొలమారేది.) అత్తయ్య వండేది, వాళ్ళూ మేమూ తినేవాళ్ళం. టీచరమ్మగారు పనసపొట్టు పొడిపొడిగా వండడం నేర్చుకున్నారు. అత్తయ్య చేపల పులుసు మూత తీసి వాసన చూడడం దాకా వచ్చింది. ఆ పైన జరిగింది నేను చెప్పను, పెద్దావిడ.

ఇప్పుడు అత్తయ్య లేదు. ఆ ఆవూ లేదు. జీతం కాస్త పొడుగైంది, కొక్కెం ఖాళీ అయింది. ఉల్లిపాయలు కవర్లో వస్తున్నాయి. మొన్న సంతకి వెళ్ళాను. కంద పిన్ని జుట్టు నెరిసింది. గోనెపట్టా పోయి రేకుల షెడ్డూ, ఎలక్ట్రానిక్ కాటా వచ్చాయి. నేను ఆవిడ చెప్పిన ధరకి, బేరమాడకుండా, తాజా కంద కొన్నాను. డబ్బులిచ్చి తిరగబోతుంటే పిలిచింది.

"బాబుగారండీ, ఆవు బాగుందాండీ?"

ఆవిడ మొహంలోకి పరీక్షగా చూశాను. ఏమీ కనిపించలేదు. పక్కన పగిలిన కంద ముక్కలూ, వాడిన బచ్చలీ కుప్పగా ఉన్నాయి.

నిజం చెప్పెయ్యవచ్చు. ఇన్నేళ్ళయ్యాక ఎవరేమనుకుంటారు? కాని ఆనాడు అత్తయ్య గరిటె కింద పడేసిన చప్పుడు చెవిలో వినిపించింది. నడుము నిటారుగా చేసుకుని, సంచి నోరు తెరిచి పట్టుకున్నాను.

"బాగుంది పిన్నీ" అన్నాను. "ఇప్పటికీ పొట్టే కావాలంటుంది."